ఆటలో జారిపోతున్న అస్ర్

జుమా నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో తలాఖ్, వారసత్వ వాటాలు, జకాత్ లెక్కలు ఎప్పుడూ ఉండేవే. కొంతకాలంగా వాటి సరసన ఇంకో ప్రశ్న చేరింది. "మౌలానా! మావాడు ఎప్పుడు చూసినా ఫోనులో ఒక ఆట ఆడుతుంటాడు. అందులో పందెం లేదు, అసభ్యమైన బొమ్మలు లేవు. అది హలాలా, హరామా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అదే ప్రశ్నను యువకులు కాస్త తిప్పి అడుగుతారు: "ఇందులో హరామ్ ఏముంది మౌలానా?"

ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం సులువే. కానీ మదర్సాలో మా ఉస్తాదులు ఒక సూత్రాన్ని పదే పదే గుర్తుచేసేవారు. ఒక వస్తువు స్వరూపం తెలియకుండా దాని మీద తీర్పు చెప్పరాదు. చూడకుండానే హరామ్ అని చెప్పేస్తే ఆడేవాడు మన మాట వినడు సరికదా, ధర్మం తెలిసినవాళ్లకు లోకం తెలియదనుకుంటాడు. అందుకే ఆ ఆట ఏమిటో కనుక్కున్నాం. ఒక విద్యార్థి ఫోనులో దాన్ని చూశాం, ఆడి కూడా చూశాం.

ఈ కోవ ఆటలను టవర్ డిఫెన్స్ అంటారు. శత్రువులు ఒక దారి వెంట గుంపులు గుంపులుగా వస్తుంటారు. మనం దారి పక్కన బురుజులు నిలబెట్టి, వాళ్లు మన కోటను చేరకుండా ఆపాలి. అంటే ఇది కాపలా ఆట. ఇలాంటివి చాలా ఉన్నాయి. 2011లో ఉరుగ్వే దేశపు సంస్థ ఒకటి చేసిన కింగ్‌డమ్ రష్ కూడా ఈ జాతిదే. అయితే పిల్లలు మా ముందు ఎక్కువగా పేరెత్తేది ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్. అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన పాప్‌క్యాప్ అనే సంస్థ 2009 మే నెలలో దీన్ని విడుదల చేసింది. 2011లో ఆ సంస్థను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద కంపెనీ కొనేసింది. 2013లో రెండో భాగం వచ్చింది.

ఆట ఇలా ఉంటుంది. ఒక ఇంటి ముందు పచ్చిక. దానిలో ఐదు వరుసలు, ఒక్కో వరుసలో తొమ్మిది గళ్లు. కుడి వైపు నుంచి నడిచే శవాలు ఇంటి మీదికి వస్తుంటాయి. ఒకదాని నెత్తిన రోడ్డు మీద పెట్టే శంకువు, ఇంకొకదాని నెత్తిన బకెట్. వాటిని ఆపడానికి మనం మొక్కలు నాటాలి. మొక్క నాటాలంటే ఎండ కావాలి. ఈ ఆటలో ఎండే డబ్బు. పొద్దుతిరుగుడు మొక్క ఖరీదు 50. అది ఒక్కోసారి 25 చొప్పున ఎండ ఇస్తుంది. రెండుసార్లు ఇస్తే దాని ఖరీదు వసూలవుతుంది, ఆ తర్వాత వచ్చేదంతా లాభం. బఠాణీలు విసిరే మొక్క ఖరీదు 100. ముందు ఆదాయం పెంచుకోవాలా, ముందు రక్షణ కట్టుకోవాలా? ఆట మొత్తం ఈ తర్జనభర్జనలోనే ఉంది. రాత్రి లెవెళ్లలో ఆకాశం నుంచి ఎండ రాలదు, అప్పుడు పుట్టగొడుగులతో నెట్టుకురావాలి. అన్నీ దాటి శవం ఇల్లు చేరితే, ఒక్కో వరుస చివర ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే గడ్డి కోసే యంత్రం కాపాడుతుంది. అది కూడా అయిపోతే ఆట ముగిసినట్లే. శవాలు మీ మెదడును తినేశాయని తెర మీద రాసి వస్తుంది.

(ఆ మాట వేళాకోళానికి రాశారు. కానీ రాత్రి రెండు గంటల దాకా దీనితో కూర్చున్న పిల్లవాడి ముఖం తెల్లవారి చూస్తే, రాసినవాళ్లు నిజమే చెప్పారనిపిస్తుంది.)

ఇందులో ఆనందం ఉంది. ఆ మాట దాచడం న్యాయం కాదు. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, ఆలోచనకు పని ఉంది. లెక్క తప్పితే ఓటమి, లెక్క సరిపోతే గెలుపు. ఓడినప్పుడు కూడా, ఆ గోడలా నిలిచే అక్రోటు కాయను ఒక గడి ముందు పెట్టి ఉంటే సరిపోయేదన్న ఆశ మిగులుతుంది. అసలు లాగే శక్తి అక్కడే ఉంది. ఒక లెవెల్ కొన్ని నిమిషాలే. అది ముగియగానే దాదాపు ప్రతిసారీ ఒక కొత్త మొక్క బహుమతిగా చేతికి వస్తుంది. ఆ మొక్కను వాడి చూడాలంటే తర్వాతి లెవెల్ ఆడాలి. లెవెల్ పూర్తయిన చోట ఆగాలనుకుంటాం, కానీ లెవెల్ పూర్తయిన చోటే మళ్లీ మొదలుపెట్టే కారణాన్ని చేతిలో పెడతారు. అన్నం తిని లేవబోయే అతిథికి విస్తట్లో ఇంకో గరిటె వడ్డించినట్లు. "ఇంకొక్కటి" అన్న మాట ఆడేవాడి నోట వస్తుంది, కానీ ఆ మాటను అతని నోట పెట్టింది ఆటను తయారుచేసినవాడు.

ఇక ధర్మం మాటకు వద్దాం.

ఇస్లాం ఆటకు శత్రువు కాదు. పండుగ రోజున అబిసీనియన్లు దైవప్రవక్త (స) మస్జిదులోనే బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ఆయన (స) హజ్రత్ ఆయిషా (రజి)ను తన వెనుక నిలబెట్టుకుని, ఆమెకు తనివి తీరేదాకా చూపించారు (బుఖారీ, ముస్లిం). ఆమెతో పరుగు పందెం వేశారు (అబూదావూద్). హజ్రత్ హంజలా (రజి) తన మనసు ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండటం లేదని, తాను కపటుడినయ్యానేమోనని భయపడి వచ్చినప్పుడు, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా ఉండటం మానవ సహజమేనని ఆయన (స) ఓదార్చారు (ముస్లిం). కనుక అలసిన మనసు కాసేపు సేద తీరడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

ఫోను ఆటలు లేని కాలంలోనే మన ఫుఖహా ఈ కోవకు చెందిన ఒక ఆట మీద విస్తారంగా చర్చించారు. అది చదరంగం. అందులోనూ బలగాలున్నాయి, రక్షణ ఉంది, ఎత్తుగడ ఉంది. హనఫీ పండితులు దాన్ని గట్టిగా వారించారు. షాఫయీ పండితులు అయిష్టకరమన్నారు కానీ పూర్తిగా నిషేధించలేదు. అయితే రెండు పక్షాలూ కలిసే చోటు ఒకటుంది. పందెం చేరినా, నమాజు సమయం తప్పినా అది హరామ్ అన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఇమామ్ నవవీ (రహ్) వంటి షాఫయీ ఇమాములు కూడా ఈ షరతులను స్పష్టంగా రాశారు. అంటే పండితుల చూపు పావుల మీద ఆగిపోలేదు, ఆ పావులు మనిషిని ఏ పని నుంచి ఆపుతున్నాయన్న దాని మీద నిలిచింది. ఖుర్ఆన్ చూపు కూడా అదే. సూరా మాయిదాలో మద్యాన్ని, జూదాన్ని నిషేధించిన చోట అల్లాహ్ కారణం కూడా తెలిపాడు. వాటి ద్వారా షైతాన్ మీ మధ్య వైరం పెట్టాలని, మిమ్మల్ని దైవస్మరణ నుంచి, నమాజు నుంచి ఆపాలని చూస్తున్నాడని.

చిన్న విషయాలు రెండు మూడు ఇక్కడే చెప్పి ముందుకు పోతాం. ఆటలో వచ్చే సంగీతం ఆపేయవచ్చు, ఆపాలి. తెర మీద కదిలే బొమ్మల విషయంలో నేటి పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది, ఆ చర్చ ఈ వ్యాసంలో ఇమడదు. డబ్బు సంగతి మాత్రం జాగ్రత్త. మొదటి ఆటను ఒకసారి కొనుక్కుంటే సరిపోయేది. తర్వాత వచ్చిన ఉచిత ఆటలు ఉచితంగా లోపలికి రానిచ్చి, లోపల మొక్కలు, నాణేలు, రత్నాలు అమ్ముతాయి. తండ్రి ఫోనులో ఉన్న డబ్బుతో చెప్పకుండా వాటిని కొనే పిల్లవాడు పరుల సొమ్ము వాడుకుంటున్నాడు. అది తండ్రి సొమ్మయినా సరే. ఇక లోపల ఏముందో తెలియని పెట్టెను డబ్బిచ్చి తెరిచే పద్ధతి కొన్ని ఆటల్లో ఉంది. ఇది జూదానికి దగ్గరి చుట్టం. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం 2018లోనే అలాంటి పెట్టెలను జూదంగా తేల్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ముస్లింకు మాయిదా ఆయతు చాలు.

శవాల సంగతి

ఈ ఆటలో మమ్మల్ని ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటుంది. తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోరు. శత్రువులుగా వచ్చేది శవాలు. ఈ నడిచే శవం అన్న ఊహ కరీబియన్ దీవుల్లోని హైతీ ప్రజల నమ్మకాల నుంచి బయలుదేరి, 1968 నాటి ఒక అమెరికన్ సినిమా తర్వాత లోకమంతా పాకింది. పెద్దవాళ్లకు ఇది వట్టి కల్పన. ఏడేళ్ల పిల్లవాడికి అలా కాదు. ఖబరస్తాన్ పక్కనుంచి మగ్రిబ్ వేళ నడవడానికి భయపడే పిల్లలు మాకు తెలుసు. అడిగితే, లోపలివాళ్లు లేచి వస్తారంటారు.

మన విశ్వాసం ఏమిటి? చనిపోయినవారు బర్‌జఖ్‌లో ఉంటారు, తిరిగి లేపబడే దినం దాకా వారికీ ఈ లోకానికీ మధ్య ఆ తెర ఉంటుందని సూరా మూమినూన్ తెలుపుతోంది. లేచేది ఒకే ఒక్క రోజు, లేపేది అల్లాహ్. మృతదేహాన్ని మనం గుస్ల్ చేయించి, కఫన్ తొడిగి, అత్తరు పూసి, భుజాల మీద మోసుకెళతాం. మృతుడి ఎముక విరిచినా బతికున్నవాడి ఎముక విరిచినట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). ఈ గౌరవం పిల్లవాడి మనసులో ముందు కూర్చోవాలి. ఈ ఆట ఆడిన ప్రతివాడి ఈమాన్ పోయిందని మేము అనడం లేదు. అలా అనడం అతి. కానీ మీ పిల్లవాడు జాంబీ అన్న పదాన్ని బర్‌జఖ్ అన్న పదం కంటే ముందు నేర్చుకున్నాడంటే ఆ బాధ్యత ఆటది కాదు, ఇంటిది.

ఖందక్ నాటి అస్ర్

సోదరులారా! కాపలా ఆట గురించి మాట్లాడుకుంటున్నాం కదా. నిజమైన కాపలా ఒకటి జ్ఞాపకం చేసుకుందాం.

హిజ్రీ 5వ సంవత్సరం. అరబ్బు తెగలన్నీ ఏకమై మదీనా మీదికి వచ్చాయి. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహాతో నగరానికి ఖాళీగా ఉన్న వైపు కందకం తవ్వారు. చలి, ఆకలి. కందకానికి అవతల శత్రుసేన, ఇవతల ఆడవాళ్లు, పిల్లలు ఉన్న ఇళ్లు. ఏ చోట కందకం దాటుతారో తెలియదు. ఒక్క క్షణం కళ్లు మూస్తే ఊరే పోతుంది. అలాంటి ఒక రోజున శత్రువుల ఒత్తిడి ఎంతగా పెరిగిందంటే, అస్ర్ నమాజు సమయం దాటిపోయింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖురైషులను నిందిస్తూ వచ్చి, సూర్యుడు అస్తమించబోతుండగా అతికష్టం మీద అస్ర్ చదివానని చెప్పుకున్నారు. తాను ఇంకా చదవనే లేదని దైవప్రవక్త (స) అల్లాహ్ సాక్షిగా చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆ రోజు ఆయన (స) శత్రువుల మీద చేసిన బద్‌దుఆ ఏమిటో తెలుసా? మమ్మల్ని మధ్య నమాజు నుంచి ఆపినందుకు వాళ్ల ఇళ్లనూ, సమాధులనూ అల్లాహ్ అగ్నితో నింపాలని ప్రార్థించారు (బుఖారీ, ముస్లిం). తాయిఫ్ విషయంలో ఏం జరిగిందో గుర్తుకు తెచ్చుకోండి. వాళ్లు ఆయనను తిరస్కరించి వేధించారు. పర్వతాల దైవదూత వచ్చి, వారిని కొండల మధ్య నలిపివేయమంటారా అని అడిగితే వద్దన్నారు. వారి సంతానంలోనైనా అల్లాహ్‌ను ఆరాధించేవారు పుడతారని ఆశించారు. తన శరీరానికి తగిలిన గాయాన్ని భరించిన కారుణ్యమూర్తి, ఒక్క అస్ర్ తప్పినందుకు భరించలేకపోయారు. అస్ర్ నమాజు తప్పినవాడు తన ఆలుబిడ్డలను, ఆస్తిని కోల్పోయినవాడి వంటివాడని ఆయనే (స) ప్రబోధించారు (బుఖారీ, ముస్లిం).

యుద్ధంలో నమాజు ఎలా చదవాలో తెలిపే ఆదేశం ఆ తర్వాత వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. సూరా నిసాలో ఆ పద్ధతి ఉంది. ఒక వర్గం ఆయుధాలతో ఇమాము వెనుక నిలబడుతుంది, రెండో వర్గం కాపలా కాస్తుంది, తర్వాత వాళ్లు వీళ్ల స్థానంలోకి వస్తారు. బాణాలు ఎదురుగా ఉన్నా జమాత్ సైతం వదలలేదు.

ఇప్పుడు మన పిల్లవాడి సంగతి చూడండి. అస్ర్ అజాన్ అయింది. తల్లి పిలుస్తుంది. "వస్తున్నా అమ్మీ, ఒక్క నిమిషం, చివరి దండు వచ్చేసింది!" అంటాడు. ఏ దండు? ఏ ఇల్లు? నిజమైన శత్రువు ముందు నిజమైన నగరాన్ని కాపాడుతున్నవారు ఆయుధం పక్కన పెట్టకుండానే నమాజు చదివారు. వీడు లేని ఇంటిని లేని శవాల నుంచి కాపాడుతూ, ఉన్న నమాజును వదిలేస్తున్నాడు. పైగా ఈ శత్రువులు ఎంత మర్యాదస్తులంటే, ఆపమని మీట నొక్కితే కాలు కదపకుండా అలాగే నిలబడతారు. వుజూ చేసుకుని, మస్జిదుకు వెళ్లి, సున్నతులు చదువుకుని, మెల్లగా తిరిగి వచ్చేదాకా నిలబడతారు. ఖందక్ వీరులకు ఆ మీట లేదు.

ఇది పిల్లల మాట మాత్రమే అనుకోకండి. దుకాణంలో బేరం లేనప్పుడు మొదలుపెట్టి, బేరం వచ్చినా తలెత్తని పెద్దవాళ్లున్నారు. జమాత్ నిలబడేదాకా చివరి సఫ్‌లో ఫోను మీద వేలు ఆడిస్తూనే ఉండే తండ్రులు, కొడుకును మందలించమని మా దగ్గరకు పంపుతారు.

నమాజు తప్పదు, మరి?

ఒక యువకుడి ప్రశ్న మాకు వీటన్నిటికంటే బరువైనదిగా తోచింది. చదువుకున్నవాడు, ఐదు పూటలా జమాత్‌కు వస్తాడు. "మౌలానా! నేను నమాజు వదలను. అజాన్ కాగానే ఆట ఆపేస్తాను. కానీ నిలబడి కళ్లు సజ్దా చోట నిలిపితే, ఆ ఐదు వరుసలే కనిపిస్తాయి. జానమాజు గళ్ల మీద ఏ మొక్క ఎక్కడ పెట్టాలో లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇమాము సాబ్ ఏ సూరా చదివారో తెలియదు. నాకు తప్పుందా?" అని అడిగాడు.

ఇది అతని ఒక్కడి బలహీనత కాదు, మనసు స్వభావమే అంత. 2000 సంవత్సరంలో అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు టెట్రిస్ అనే ఆట ఆడినవారిని పరిశీలించారు. నిద్ర పట్టే వేళ వారి కళ్ల ముందు ఆ ముక్కలు రాలుతూనే కనిపించాయి. జ్ఞాపకశక్తి దెబ్బతిని, తాము ఆట ఆడామన్న సంగతే మరిచిపోయిన రోగుల్లో కూడా కొందరికి అవే ముక్కలు కనిపించాయట! చేయి ఆగినా లోపల ఆట ఆగదు.

దైవప్రవక్త (స) ఒకసారి చారలున్న ఒక వస్త్రం కప్పుకుని నమాజు చేశారు. ఆ చారల మీదికి చూపు పోయిందని, నమాజు కాగానే దాన్ని ఇచ్చినవారికే తిప్పి పంపించి, బదులుగా సాదా వస్త్రం తెప్పించుకున్నారు (బుఖారీ, ముస్లిం). వస్త్రం హరామ్ కాదు. అయినా ఇంట్లో ఉంచుకోలేదు. ఇమామ్ మాలిక్ (రహ్) ముఅత్తాలో హజ్రత్ అబూ తల్హా (రజి) సంఘటన ఉంది. ఆయన తన తోటలో నమాజు చేస్తున్నారు. ఒక పిట్ట దట్టమైన కొమ్మల మధ్య బయటికి దారి వెతుక్కుంటూ ఎగురుతోంది. ఆ దృశ్యం ముచ్చటగొలిపి కాసేపు చూపు దాని వెంట పోయింది. తిరిగి నమాజులోకి వచ్చేసరికి ఎన్ని రకాతులు చదివారో గుర్తు లేదు. తిన్నగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి, ఆ తోటను దానంగా సమర్పించుకున్నారు.

తోట హలాల్. పిట్ట హలాల్. పిట్టను చూడటం హలాల్. ఫత్వా అడిగి ఉంటే, నమాజు పూర్తిచేసుకోండి, తోట ఉంచుకోండి అనే జవాబు వచ్చేది. కానీ ఆయన అడిగింది ఫత్వా కాదు. తన నమాజు ఖరీదు ఎంతో ఆయనకు తెలుసు. అది తోట కంటే ఎక్కువని తేల్చుకున్నారు. సూరా మూమినూన్ ఆరంభంలో సఫలురైన విశ్వాసుల గుణాలు చెబుతూ అల్లాహ్, నమాజులో అణకువను పేర్కొన్న వెంటనే, వ్యర్థమైన వాటికి దూరంగా ఉండటాన్ని పేర్కొన్నాడు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నమాజు బయటి వ్యర్థం నమాజు లోపలికి నడిచి వస్తుందని ఆ యువకుడికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అతనే చెబుతున్నాడు.

అతనికి మేము చెప్పిన జవాబు ఇది. నమాజు నెరవేరింది, తిరిగి చదవనక్కరలేదు. ఊహ దానంతటది వస్తే పాపం లేదు, దాన్ని సాగనివ్వకుండా మనసును మళ్లించుకో. నమాజుకు పావుగంట ముందే ఆట ముగించు, వుజూ నిదానంగా చెయ్యి. అప్పటికీ ఆ వరుసలు జానమాజు మీద నడుస్తూనే ఉంటే, అబూ తల్హా (రజి) తోట ముందు నీ ఫోనులోని ఈ పచ్చిక ఏపాటిదో నువ్వే ఆలోచించుకో.

కాలం లెక్క కూడా ఒకటుంది. రోజుకు గంటన్నర అంటే ఎవరికీ పెద్దగా అనిపించదు. ఏడాదికి దాదాపు 547 గంటలు. రాత్రింబవళ్లు కలిపి దాదాపు 23 రోజులు. ముప్పావు గంటకు ఒక పారా నిదానంగా చదివేవాడు, ఆ గంటన్నరలో రోజుకు రెండు పారాల చొప్పున పదిహేను రోజులకు ఒక ఖత్మ్ చేయగలడు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). ఆరోగ్యమూ తీరికా రెండూ ఒకేసారి ఉండేది యౌవనంలోనే. ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్) తన సైదుల్ ఖాతిర్‌లో, ఊసుపోక వచ్చి కూర్చునేవారి కోసం తాను కొన్ని పనులు అట్టే పెట్టుకుంటానని రాసుకున్నారు. కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం వంటి ఆలోచన అక్కరలేని పనులు ఆ సమయంలో చేసుకునేవారు. అతిథిని నొప్పించేవారు కాదు, కాలాన్ని పోనిచ్చేవారు కాదు.

ఆట ఎప్పుడు వ్యసనమైనట్లు? వైద్యులూ దీనికి ఒక కొలత పెట్టుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో ఆటల వ్యసనం ఒక రుగ్మతగా చేరింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి ఏడాదిపాటు ఉంటేనే రోగమంటారు. విశ్వాసికి అంతకాలం ఆగే పని లేదు. అజాన్ రోజుకు ఐదుసార్లు వచ్చి అతన్ని పరీక్షిస్తుంది. వినగానే వేలు ఆగిందా, లేదా?

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోను నేలకేసి కొట్టిన తండ్రులు మాకు తెలుసు. ఆ పిల్లలు ఆడటం మానలేదు, ఇంట్లో ఆడటం మానారు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పసివాడు. అతనికొక పిట్ట ఉండేది. అది చచ్చిపోయి అతను దిగులుగా ఉంటే, దైవప్రవక్త (స) ఆ పిట్ట పేరెత్తి, అదేం చేసిందని అతన్ని ముద్దుగా పలకరించారు (బుఖారీ, ముస్లిం). మదీనా రాజ్యభారం మోస్తున్నవారికి ఒక పిల్లవాడి పిట్ట సంగతి తెలుసు! మీ పిల్లవాడి ఆటలో ఏ మొక్క ఏం చేస్తుందో మీకు తెలుసా? పక్కన కూర్చుని అడగండి. పది నిమిషాలు చూపించమనండి. ఆ తర్వాత మీరు చెప్పే మాటకు వాడు చెవి ఒగ్గుతాడు. పడుకునే గదిలోకి ఫోను వెళ్లకుండా ఇంటిల్లిపాదికీ ఒకే నియమం పెట్టండి. ఆ నియమం మీకూ వర్తించాలి.

మొక్కలంటే అంత ఇష్టమైతే నిజమైన మొక్క నాటించండి. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖాగా రాయబడుతుంది (బుఖారీ, ముస్లిం). ఒక పొద్దుతిరుగుడు గింజను కుండీలో వేయించండి. అది మొలకెత్తడానికి వారం పైనే పడుతుంది, తొందరపెడితే వినదు. ఈ ఓపిక ఫోను నేర్పదు. ఇంకా త్వరగా నాటాలనుకుంటే, ఒక్కసారి తస్బీహ్ పలికితే స్వర్గంలో ఒక ఖర్జూర వృక్షం నాటబడుతుందన్న శుభవార్త తిర్మిజీలో ఉంది.

కాపలా కాయాలన్న ముచ్చటకూ మన ధర్మంలో చోటుంది. సరిహద్దులో ఒక పగలూ ఒక రాత్రీ కాపలా కాయడం ఒక నెల ఉపవాసాల కంటే, రాత్రి నమాజుల కంటే మేలు (ముస్లిం). ఇబ్బందుల్లోనూ చక్కగా వుజూ చేసుకోవడం, మస్జిదుకు ఎక్కువ అడుగులు వేయడం, ఒక నమాజు తర్వాత మరో నమాజు కోసం ఎదురుచూడటం, ఇదే రిబాత్ అని, అంటే ఇదే ఆ కాపలా అని దైవప్రవక్త (స) ప్రబోధించారు (ముస్లిం).

చివరిగా, ఆటల్లో పడి ఇప్పటికే నమాజులు పోగొట్టుకున్నవారు ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. రాత్రి రెండింటిదాకా ఆడి నిద్రపోయి ఫజ్ర్ తప్పించుకున్నవారు, నిద్రపోయినవాడికి పాపం లేదన్న హదీసును ముందుకు తెస్తారు. ఆ హదీసులోనే, లోపం నిద్రలో లేదు, మెలకువలో ఉందని కూడా ఉంది (తిర్మిజీ). మెలకువగా ఉన్నప్పుడు తెలిసి తెలిసీ లేవలేని వేళ దాకా కూర్చున్నవాడి లోపం ఆ కూర్చోవడంలోనే ఉంది. ఇషా తర్వాత ఊసుపోని కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడకపోవడానికి (బుఖారీ, ముస్లిం) పండితులు చెప్పిన కారణాల్లో ఫజ్ర్ ఒకటి. అలాంటివారు తౌబా చేసుకోవాలి, తప్పిన నమాజును ఖజా చదవాలి. సూర్యోదయ సమయంలో, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, సూర్యాస్తమయ వేళలో ఖజా చదవరాదు. హనఫీ మస్లక్ ప్రకారం, తప్పినవి ఐదు లేక అంతకంటే తక్కువైతే క్రమం పాటించాలి. అంటే తప్పిన అస్ర్ గుర్తున్నప్పుడు, సమయం ఉంటే, ముందు అస్ర్ చదివి తర్వాత మగ్రిబ్ చదవాలి. ఖందక్ నాటి సాయంత్రం బుత్‌హాన్ లోయలో దైవప్రవక్త (స), సహాబాలు వుజూ చేసుకుని, సూర్యుడు అస్తమించాక చదివింది ఈ క్రమంలోనే. ఆరు, అంతకంటే ఎక్కువ పేరుకుపోతే క్రమం తప్పనిసరి కాదు. వీలున్న కొద్దీ, ప్రతి నమాజుతో పాటు ఒక ఖజా చొప్పున చదువుతూ లెక్క రాసుకోవాలి. సాధారణంగా సున్నతులకు ఖజా లేదు, విత్ర్‌కు మాత్రం ఉంది.